వడ్డీ లేని ఇల్లు

పేదలకు ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనగానే సుత్తి పట్టిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ గుర్తొస్తారు. ఆ ఉద్యమం అసలు బలం మాత్రం అప్పిచ్చే తీరులో ఉందని నా అభిప్రాయం. 1968లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, కొయినోనియా వ్యవసాయ క్షేత్రంలో క్లారెన్స్ జోర్డాన్, మిలర్డ్ ఫుల్లర్ ఒక నిధి పెట్టారు: లాభం చూసుకోకుండా ఇల్లు కట్టివ్వాలి, వడ్డీ లేకుండా వాయిదాలు తీసుకోవాలి, ఆ వాయిదాలతో మరో ఇల్లు లేవాలి. రంగైనా లేని, కుళాయి లేని చెక్క గుడిసెలో ఉన్న ఒక నల్లజాతి కుటుంబానికి మరుసటి ఏడాది కాంక్రీటు దిమ్మెల ఇల్లు వచ్చింది. లోపలే స్నానాలగది, చలికి వెచ్చదనమిచ్చే ఏర్పాటు! 1976లో ఫుల్లర్ దంపతులు ఈ ఆలోచనను హ్యాబిటాట్ సంస్థగా మలిచారు. 1983లో అది మన ఖమ్మం చేరింది. పేదల దగ్గర వాయిదాలెందుకు, ఉచితంగా ఇవ్వొచ్చు కదా అంటారు కొందరు. విరాళం ఒక్క ఇంటితో అయిపోతుంది; తిరిగొచ్చిన డబ్బు ఇంకో కుటుంబానికి గోడలవుతుంది. వాయిదా కూడా కట్టలేనివాళ్లకు ఈ పద్ధతి చాలదు, నిజమే; వాళ్ల బాధ్యత ప్రభుత్వానిది.