పట్నం ఎలా పెరిగింది?

2011లో జనాభా లెక్కలు రాసుకునే మాస్టారు మా ఇంటికి వచ్చి, “మీరు ఈ ఊళ్ళోనే పుట్టారా అమ్మా?” అని అడిగారు. లేదండీ, పెళ్ళయి వచ్చానన్నాను. ఆయన ఒక గడిలో ఏదో అంకె వేసుకున్నారు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, నేనూ వలస వచ్చినదాన్నేనని!

పట్నాలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయనుకుంటాం. అది నిజం కాదు. మన హైదరాబాదునే చూడండి. 1591లో వెలసిన ఊరు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అయినా 1911 లెక్కల్లో సుమారు 5 లక్షల మంది తేలారు. పదేళ్ళు తిరిగేసరికి, అంటే 1921 నాటికి, 4 లక్షలకు దిగిపోయారు. ఎందుకంటారా? ప్లేగు, ఆపైన 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు. ప్లేగు వచ్చిందంటే ఇల్లు విడిచి ఊరి బయట పాకల్లో ఉండాల్సిందే. చంకన పసిబిడ్డతో పొయ్యిరాళ్ళు వెతుక్కున్న తల్లులు ఏ లెక్కలోకి వస్తారు? దేశం మొత్తం మీద కూడా ఆ పదేళ్ళలో జనం పెరక్కపోగా కాస్త తగ్గారు. ఆ తర్వాత ఏ లెక్కలోనూ మళ్ళీ అలా జరగలేదు.

పిమ్మట నీళ్ళు వచ్చాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్. వరదనూ ఆపాయి, దాహమూ తీర్చాయి. నీళ్ళుంటేనే కదా కాపురం నిలిచేది! 1951కి జనం 10 లక్షలు దాటారు. 1956లో ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయింది. ఆఫీసులు, ఫ్యాక్టరీలు, కాలేజీలు వచ్చాయి. 2011లో 67 లక్షల పైచిలుకు. అయితే 2007లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను కలుపుకున్న సంగతి మరవకండి. అందరూ రైలెక్కి వచ్చినవాళ్ళు కారు, కొందరి ఊరి దగ్గరికి పట్నమే వచ్చింది.

ఆ 2011లోనే హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైన మనుషులుంటే, దేశం సగటు 382. మా వీధిలో కుళాయి దగ్గర నిలబడితే ఈ అంకెలేవీ అక్కర్లేదు లెండి.

దేశంలో పుట్టినచోటు వదిలి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, కారణం పెళ్ళే. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళను ఆ లెక్కల్లో పనిచేసేవాళ్ళ కింద వెయ్యరు. ఆ రోజు మాస్టారు మా అత్తగారినీ పనేమిటని అడిగారు. పప్పు రుబ్బుతూనే, “నాకేం పని నాయనా, ఊరికే ఇంట్లో ఉంటాను” అన్నదావిడ. ఆయన అలాగే రాసుకున్నారు.

2021లో జరగవలసిన లెక్కలు అప్పుడు జరగలేదు, 2027కు పెట్టారు. ఈసారి మాస్టారు వచ్చి అడిగితే ఆవిడచేత ఏమనిపించాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.