విజయనగరపు కావలివారు

పోయిన సొత్తునకు తలారియే ఉత్తరవాది యను పూర్వపు పద్ధతిని పెద్దలెరుగుదురు. మహానగరమునను అట్టిదే యుండెను. 1443లో విజయనగరమును జూచిన హెరాతు రాయబారి అబ్దుర్ రజాక్, అచ్చటి కొత్వాలుకచ్చేరికి 12,000 మంది భటులుండిరనియు, వారి జీతము దినమునకు 12,000 పణములనియు వినినట్లు వ్రాసెను. ఆ సొమ్ము వేశ్యావాటికల రాబడియట! రాబడి ఎట్టిదైనను కావలి మాత్రము గట్టిది. అచ్యుతరాయలనాటి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాజధానిలో జరుగు దొంగతనములకు కావలియధికారియే లెక్క చెప్పవలెననియు, అందుచే చోరభయ మల్పమనియు తెలిపెను. అంతఃపురమున రాత్రికావలి స్త్రీలదే.

1565 యుద్ధానంతరము రాజధాని మన పెనుకొండకు వచ్చెను. 1859 నాటి చట్టముతో మదరాసు రాజధానియందు జీతపు పోలీసుదళ మేర్పడెను. దొంగను పట్టుట దాని పనియయ్యెను, సొత్తు నిచ్చుకొనుట గాదు.