లక్ష యూరోలు, పదమూడేళ్లు

హాంబర్గ్ అమ్మాయిలు 2012లో మైదానంలో ఓడి కిందికి రాలేదు. జర్మనీ మహిళల ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పైమెట్టు ఫ్రావెన్ బుండెస్‌లీగా. ఆ సీజన్ ముగిసేనాటికి హాంబర్గర్ ఎస్‌వి జట్టు అందులో తన చోటు నిలబెట్టుకుంది. అయినా మరుసటి సీజన్ జట్ల జాబితాలో దాని పేరు లేదు. పేరు వెనక్కి తీసుకున్నది సొంత క్లబ్బే. లెక్కల్లో సుమారు లక్ష యూరోలు తక్కువ పడ్డాయన్నారు. ఆ లోటు పూడ్చడం కన్నా జట్టును కింది లీగుకు దించేయడమే మేలనుకున్నారు.

అదే ఏడాది ఆగస్టు ఆఖర్లో ఆ క్లబ్బే పురుషుల జట్టు కోసం ఇంగ్లండ్‌లోని టోటెన్‌హామ్ నుంచి రఫాయెల్ వాన్ డెర్ వార్ట్‌ను వెనక్కి తెచ్చుకుంది. సుమారు 1 కోటి 30 లక్షల యూరోలు. అందుకు హాంబర్గ్ కోటీశ్వరుడు క్లాస్ మిఖాయెల్ క్యూనే అప్పు ఇచ్చాడు. వాన్ డెర్ వార్ట్ గొప్ప ఆటగాడు, ఆ ఊరికి ప్రాణం. అతణ్ని తెచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక మనిషికి పెట్టిన ఖర్చులో నూట ముప్పయ్యో వంతు లేదని ఒక జట్టునే తీసేశారు. ఈ కథలో నన్ను నిలవనీయనిది అదే.

బుండెస్‌లీగాలో ఆడిన అమ్మాయిల్లో వేరే క్లబ్బు దొరికినవాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. హాంబర్గ్ చొక్కాలు ఉత్తర ప్రాంతపు లీగులకు దిగాయి. అక్కడ ఆటంటే పొద్దున కాలేజీ, పగలు ఉద్యోగం, సాయంత్రం దీపాల కింద ప్రాక్టీసు. వారాంతం రాగానే బస్సెక్కి ఏ చిన్న ఊరికో ప్రయాణం. చూడ్డానికి వచ్చేవాళ్లలో సగం మంది అమ్మానాన్నలే. ఇలా పదేళ్లకు పైగా గడిచింది.

జర్మనీలో ఆడవాళ్లను మైదానం బయట నిలబెట్టడం ఇది మొదటిసారి కాదు. 1955 జులైలో జర్మన్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బులేవీ మహిళల జట్లు పెట్టకూడదని, వాళ్లకు మైదానాలు ఇవ్వకూడదని నిషేధం విధించింది. ఈ ఆట ఆడవాళ్ల శరీరానికి, మనసుకు హానికరమని కారణం చెప్పింది. ఆ నిషేధం 1970 అక్టోబరు 31 దాకా సాగింది. ఎత్తేసినప్పుడు కూడా షరతులు పెట్టారు: సగానికి 30 నిమిషాలే ఆడాలి, బంతి తేలికగా ఉండాలి, బూట్లకు మేకులుండకూడదు. 1989లో జాతీయ జట్టు మొదటిసారి యూరప్ ఛాంపియన్ అయితే సంఘం ఒక్కో క్రీడాకారిణికి ఇచ్చిన బహుమతి కాఫీ కప్పుల సెట్టు. ఇవన్నీ దాటి 1990లో మహిళల బుండెస్‌లీగా, 2004లో దాని కింద రెండో డివిజన్ వచ్చాయి. మొదట్లో ఆ డివిజన్‌ను ఉత్తరం, దక్షిణం అని రెండు భాగాలుగా నడిపారు. 2018లో ఒకటిగా కలిపారు. మధ్యలో కరోనా సీజన్‌లో మళ్లీ విడగొట్టినా ఆ తరవాత ఒకే పట్టికకు తిరిగొచ్చారు. 14 జట్లు, ఒక్కో జట్టుకు 26 మ్యాచ్‌లు.

హాంబర్గ్ ఆ గుమ్మం తట్టింది 2023లో. ఉత్తర లీగు గెలిచినంత మాత్రాన పైకి రానివ్వలేదు, మరో ప్రాంతపు విజేతతో రెండు మ్యాచ్‌ల పోరు ఆడాల్సి వచ్చింది. వాళ్లకు ఎదురైంది విక్టోరియా బెర్లిన్. ఆరుగురు మహిళలు కలిసి పెట్టుబడి తెచ్చి నిలబెట్టిన జట్టది, జర్మనీ మాజీ డిఫెండర్ అరియానే హింగ్స్ట్ వాళ్లలో ఒకరు. మహిళల ఆట కోసమే పుట్టిన సంస్థను, ఒకప్పుడు మహిళల జట్టును వదిలేసిన క్లబ్బు ఓడించి పైకొచ్చింది. ఎవరి పక్షాన ఉండాలో తేల్చుకోవడం నాకిప్పటికీ కష్టమే. అయితే చెమటోడ్చింది 2012లో సంతకాలు పెట్టిన పెద్దమనుషులు కాదు. ఆ సంవత్సరం బడికి వెళ్తున్న పిల్లలు.

రెండో డివిజన్‌లో మొదటి ఏడాది పైకి ఎక్కడం కుదరలేదు. అసలు కథ 2024-25 సీజన్‌ది.

ఆ ఏడాది పట్టికలో పేర్లు చూస్తేనే ఈ లీగు స్వభావం అర్థమవుతుంది. ఒక చివర హాంబర్గ్, బెర్లిన్, న్యూరెంబర్గ్ లాంటి మహానగరాలు. ఇంకో చివర జాండ్. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరి పల్లె అది. ఆ పల్లె జట్టు ఒకప్పుడు పై లీగులో ఎనిమిదేళ్లు ఆడి, 2016లో, 2017లో వరసగా జర్మన్ కప్ ఫైనల్‌కు వెళ్లిందంటే నమ్మబుద్ధి కాదు. మధ్యలో రైన్ నది ఒడ్డున ఆండర్నాఖ్, చన్నీటి గీజర్‌కు పేరుపడ్డ చిన్న పట్టణం. ఫ్రాంకోనియాలో వైన్‌బర్గ్, అదీ పల్లెటూరే. వీళ్లు కాక బయర్న్, ఫ్రాంక్‌ఫర్ట్, ఫ్రైబుర్గ్‌ల రెండో జట్లు. ఆ రెండో జట్లు ఎన్ని గెలిచినా పైకి పోవడానికి వీల్లేదు, సొంత అక్కలు అప్పటికే పై లీగులో ఉన్నారు కాబట్టి. పోయేదేమీ లేని ఆ కుర్ర ఆటగత్తెలే ఎన్నోసార్లు పెద్ద జట్ల పాయింట్లకు గండి కొడతారు.

ఆ సీజన్‌లో ఒక అరుదైన అవకాశం కూడా ఉంది. మరుసటి ఏడాది నుంచి బుండెస్‌లీగాను 12 జట్ల నుంచి 14కు పెంచుతున్నారు. అందుకని మామూలుగా రెండు జట్లు పైకి పోయేచోట ఈసారి మూడు పోతాయి. పై నుంచి ఒక్కటే కిందికొస్తుంది. తెరుచుకున్న ఆ మూడో తలుపు కోసం పోటీ శరదృతువు నుంచే రాజుకుంది.

ముందు వరసలో నడిచింది ఊనియన్ బెర్లిన్. ఈ క్లబ్బు దారి హాంబర్గ్‌కు పూర్తిగా ఎదురు. 2023లో, మహిళల జట్టు ఇంకా ప్రాంతీయ లీగులో ఉండగానే, దాన్ని ప్రొఫెషనల్ జట్టు చేసింది. అంటే అమ్మాయిలకు ఆటే ఉద్యోగం. కోచ్ ఐలీన్ పోజే చేతికి జట్టునిచ్చి, ఏడాది తిరక్కుండా రెండో డివిజన్‌కు ఎక్కింది. ఎక్కాక మ్యాచ్‌లు ఏ పక్క మైదానంలోనో కాకుండా పురుషులు ఆడే ఆల్టే ఫోర్స్టెరాయ్ స్టేడియంలోనే పెట్టింది. కోపెనిక్ అడవి అంచున ఉండే ఆ స్టేడియానికి ఒక చరిత్ర ఉంది. 2008లో క్లబ్బు దగ్గర డబ్బు లేకపోతే రెండు వేల మందికి పైగా అభిమానులు వచ్చి, సిమెంటు కలిపి, ఇనుము మోసి తమ చేతులతో దాన్ని మళ్లీ కట్టుకున్నారు. అలా కట్టుకున్న మెట్ల మీద ఇప్పుడు అమ్మాయిల ఆటకు జనం వేలల్లో నిలబడ్డారు. పై లీగులో చాలా జట్లు అంత జనాన్ని ఎరగవు. ఆడవాళ్ల ఆటకు ఎవరొస్తారని అడిగేవాళ్లు శీతాకాలపు ఆదివారం ఒకసారి కోపెనిక్ వెళ్లి ఉండాల్సింది.

ఊనియన్ ముందు, పై లీగు నుంచి అప్పుడే దిగిన న్యూరెంబర్గ్ వెన్నంటి. ఆ రెంటి మీదా కన్నేసి హాంబర్గ్. వాళ్ల అప్పటి కోచ్ మార్విన్ బోల్ట్స్. లీగులో ఒక్కో పాయింటూ ఏరుకుంటూ, మరోపక్క జర్మన్ కప్‌లో ఒక్కో రౌండూ దాటుకుంటూ వచ్చి హాంబర్గ్ సెమీఫైనల్లో నిలబడింది. చీటీలో వచ్చిన ప్రత్యర్థి వెర్డర్ బ్రెమెన్. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ఊరు, తరతరాల పోరు. ఆట సొంతగడ్డ మీదే. క్లబ్బు ఈసారి వెనకాడలేదు, పెద్ద స్టేడియం ఫోక్స్‌పార్క్ తాళం తీసింది.

2025 మార్చి 23, ఆదివారం. స్టెలింగెన్ స్టేషన్‌లో రైలు దిగిన జనం ఫోక్స్‌పార్క్ దారి పట్టారు. నీలం, తెలుపు, నలుపు వజ్రం గుర్తున్న జెండాలు. వాటి మధ్య ఆకుపచ్చ మఫ్లర్లు చుట్టుకున్న బ్రెమెన్ వాళ్లు. తండ్రుల భుజాల మీద ఆడపిల్లలు. స్టేడియం ముందు కంచుతో పోతపోసిన ఒక పెద్ద పాదం ఉంటుంది, దాదాపు నాలుగు టన్నుల బరువు. హాంబర్గ్ తరఫునే జీవితమంతా ఆడిన ఊవె జేలర్ కుడి పాదం అది. ఎత్తు మనిషికి రెండింతలు. వేళ్లు, గోళ్లు, నరాల ఉబ్బులు అన్నీ కనిపిస్తాయి. ఆ బొటనవేలి పక్కనుంచే ఆ రోజు యాభై ఏడు వేల మంది లోపలికి నడిచారు. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి.

యాభై ఏడు వేలు! జర్మనీ గడ్డ మీద మహిళల క్లబ్బు మ్యాచ్‌కు అంతకు ముందు రికార్డు 44,808. 2023 మేలో వోల్ఫ్స్‌బుర్గ్, ఫ్రైబుర్గ్‌ల జర్మన్ కప్ ఫైనల్‌కు వచ్చిన జనం అది, రెండూ పై లీగు జట్లే. ఇప్పుడు ఆ రికార్డును చెరిపేసిన మ్యాచ్‌లో సొంతగడ్డ జట్టు రెండో డివిజన్‌ది. మామూలు వారాల్లో కొన్ని వందల మంది ముందు ఆడే జట్లున్న డివిజన్ అది. సొరంగం దారిలో వరస కట్టి నిలబడ్డ ఇరవై ఒక్కేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. ఈ క్లబ్బు మహిళల జట్టును దించేసిననాడు ఆమెకు ఎనిమిదేళ్లు. ఇప్పుడు బయటికి అడుగుపెడుతుంటే ఒక పక్క స్టాండ్ ‘హుమ్మెల్, హుమ్మెల్’ అంటోంది, ఎదుటి స్టాండ్ ‘మోర్స్, మోర్స్’ అని బదులిస్తోంది. ఊరంతటికీ తెలిసిన ఆ పాత కేక ఆమె కోసం, ఆమె పక్కనున్న పది మంది కోసం.

బ్రెమెన్ పై లీగులో ఆరితేరిన జట్టు. అయినా 90 నిమిషాల్లో తేల్చలేకపోయింది. ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లింది. ఆ అరగంటలోనే తేడా తెలిసింది. రోజూ గట్టి ప్రత్యర్థులతో ఆడే కాళ్లకు అలాంటి అరగంటలు అలవాటే. హాంబర్గ్ కాళ్లు బరువెక్కాయి, పిక్కలు పట్టేశాయి, బంతికి ఒక అడుగు ఆలస్యంగా చేరడం మొదలైంది. చివరికి 3-1తో బ్రెమెన్ ఫైనల్‌కు పోయింది. (అక్కడ బయర్న్ చేతిలో 4-2తో ఓడింది.)

ఓడిన అమ్మాయిలకు కన్నీళ్లు తుడుచుకుంటూ కూర్చునే తీరిక లేదు. కప్ పోయినా లీగు ఉంది. యాభై ఏడు వేల మంది కేకలు విన్న చెవులతో మళ్లీ చిన్న మైదానాలకు పోవాలి, చలిగాలిలో, ఎవరో కోచ్ పక్క బెంచీ నుంచి అరిచే ప్రతి మాటా వినపడేచోట ఆడాలి. ఒక పెద్ద రోజు తరవాత చతికిలపడ్డ జట్లు బోలెడు. ఆ ఏడాది మొత్తంలో వాళ్లు చేసిన అసలు ఘనకార్యం నా దృష్టిలో ఇదే. ఫోక్స్‌పార్క్ సాయంత్రం కాదు, ఆ తరవాతి వారాలు. ఏప్రిల్, మే అంతా పట్టు వదలకుండా ఆ మూడో తలుపు దగ్గరే నిలబడ్డారు.

మే 10న పురుషుల జట్టు ఉల్మ్‌ను 6-1తో చిత్తుచేసి, ఏడేళ్ల తరవాత పై బుండెస్‌లీగాకు తిరిగొచ్చింది. ఊరంతా వీధుల్లోకొచ్చింది. అదే మే నెలలో అమ్మాయిలు కూడా పని పూర్తిచేశారు. ఊనియన్, న్యూరెంబర్గ్, హాంబర్గ్, ఈ మూడూ పైకి. ఒకే క్లబ్బు, ఒకే నెల, రెండు జట్లు. పురుషులకు ఏడేళ్లు పట్టింది, వాళ్లు ఆడి ఓడి దిగినవాళ్లు. అమ్మాయిలకు పదమూడేళ్లు పట్టింది, వాళ్లను దించింది క్లబ్బే.

వీళ్లు ఎక్కుతుంటే దిగింది ఎవరనుకున్నారు? టుర్బీనె పోట్స్‌డామ్. ఆరుసార్లు జర్మనీ ఛాంపియన్, రెండుసార్లు యూరప్ విజేత. ఏ పురుషుల క్లబ్బు నీడా లేకుండా, మహిళల ఆట మీదే బతికిన పేరు. పై లీగులో ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా కిందికొచ్చింది. ఊనియన్, హాంబర్గ్ గెలిచాయని చప్పట్లు కొట్టిన చేతులతోనే దీన్నీ రాసుకోవాలి. పెద్ద పురుషుల క్లబ్బులు తలుపు తెరిస్తే జనం వస్తారు, డబ్బు వస్తుంది, మంచిదే. తలుపు తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. 2012లో ఉన్నట్టే.

హాంబర్గ్ రికార్డు ఆర్నెల్లు కూడా నిలవలేదు. సెప్టెంబరు 6న మ్యూనిక్‌లో బయర్న్, లెవర్‌కూజెన్‌ల బుండెస్‌లీగా తొలి మ్యాచ్‌కు 57,762 మంది వచ్చారు. అదే సీజన్ పట్టికలో హాంబర్గ్, బ్రెమెన్ పేర్లు కూడా ఉన్నాయి. ఆ సీజన్‌లో ఈ రెండూ తలపడడానికి కప్ చీటీ కలిసిరానక్కర్లేకపోయింది. లీగులోనే రెండుసార్లు, ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ.