చెరువులోకి వదిలిన చేప: సిక్లిడ్ల కథ కొంత

మా ఆఫీసులో అక్వేరియం పిచ్చి ఉన్నవాళ్ళు నాతో కలిపి ఓ నలుగురైదుగురం ఉన్నాం. మాలో ఎవరి తొట్టిలో సిక్లిడ్లు గుడ్లు పెట్టినా మూడో వారానికి ఒకటే ప్రశ్న వస్తుంది: "రెండొందల పిల్లలయ్యాయి, షాపువాడు తీసుకోనంటున్నాడు. మీ ఊళ్ళో చెరువుంది కదా, వదిలేద్దామా? పుణ్యం కూడాను!"

పుణ్యం సంగతి పక్కన పెడదాం. ఈ ప్రశ్న మనకంటే ముందు చాలామందికి వచ్చింది. వాళ్ళు చెప్పుకున్న జవాబుల ఫలితం ఇవాళ మన చెరువుల్లోనే ఈదుతోంది.

ముందు ఈ చేపలెవరో చూద్దాం. ఏంజెల్, ఆస్కార్, డిస్కస్, ఫ్లవర్‌హార్న్ అన్నీ సిక్లిడ్లే. ఈ కుటుంబంలో ఇప్పటిదాకా పేరు పెట్టినవే 1,700 జాతులు దాటాయి. ఎక్కువ భాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉన్నాయి. మన దేశానికి సొంతమైనవి మూడే మూడు. అందులో రెండింటికి శాస్త్రీయ నామం పెట్టింది బెర్లిన్‌లో వైద్యం చేసుకునే మార్కస్ బ్లాక్ అనే ఆయన: 1790లో గ్రీన్ క్రోమైడ్ (మలయాళీల కరిమీన్ ఇదే), 1795లో ఆరెంజ్ క్రోమైడ్. కరిమీన్‌కి ఆయన పెట్టిన పేరులో సూరత్ ఉంది గానీ, ఆ చేప ఉండేది దక్షిణాది తీరంలో, శ్రీలంకలో. మూడోది కర్ణాటక నదుల్లో ఉంటుంది.

ఈ మూడింటికీ దగ్గరి చుట్టాలు ఎక్కడున్నారనుకుంటున్నారు? మడగాస్కర్‌లో. ఇండియా, మడగాస్కర్ విడిపోయి దాదాపు 8.8 కోట్ల ఏళ్ళు. అంటే భూమి విడిపోయినప్పుడే ఇవీ విడిపోయాయా, లేక తర్వాత సముద్రం దాటాయా? దొరికిన సిక్లిడ్ శిలాజాల్లో పాతవి 4.6 కోట్ల ఏళ్ళవే కాబట్టి ఆ వాదన ఇంకా తెగలేదు. ఏదేమైనా మన సొంత సిక్లిడ్లు మనుషులెవరూ మోసుకురాకుండా వచ్చినవి. మిగతావన్నీ మనం తెచ్చుకున్నవే.

మా ఇంట్లో మూడడుగుల తొట్టిలో ఆరెంజ్ క్రోమైడ్ జంట ఉంది. రాయి మీద గుడ్లు పెట్టి, ఇద్దరూ వంతులేసుకుని రెక్కలతో విసురుతారు. పిల్లలు ఈదడం మొదలెట్టాక తల్లిదండ్రుల ఒంటిమీది జిగురుని కొరుక్కుని తింటాయి. 1967లో వార్డ్, బార్లో అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని వివరంగా రాశారు. ఏ చేపైనా దగ్గరికొస్తే ఆ బుల్లి జంట మీదపడి తరుముతుంది. సిక్లిడ్లంటే పడి చచ్చేది అందుకే, అవి పిల్లల్ని పెంచుతాయి.

సరిగ్గా ఆ గుణమే చెరువులో కొంప ముంచుతుంది. మన బొచ్చె, రవ్వ లక్షల గుడ్లు పెట్టి వరద నీటికి వదిలేస్తాయి. నిలవ నీటి చెరువులో అవి మామూలుగా గుడ్లు పెట్టవు, అందుకే ఏటా పిల్లల్ని కొని వేయాలి. తిలాపియాకి ఆ బాధ లేదు. ఇదీ సిక్లిడ్డే. పెట్టేది కొన్ని వందల గుడ్లే అయినా తల్లి వాటిని నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. నెలా నెలన్నరకోసారి మళ్ళీ పెడుతుంది. తిండి చాలకపోతే సైజు తగ్గించుకుని, జానెడు కూడా పెరగకుండానే పిల్లలు పెడుతుంది.

ఈ మొజాంబిక్ తిలాపియాది ఆఫ్రికా తూర్పు తీరం. 1930ల చివర్లో జావాలో తేలింది. అక్కడికెలా చేరిందో ఎవరికీ రూఢిగా తెలియదు. దాన్ని పట్టి పెంచిన మనిషి పేరుమీదనే ఇండోనేషియాలో ఇప్పటికీ 'ముజైర్' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్ళ వెంట ఆగ్నేయాసియా అంతా పాకింది. 1952లో బ్యాంకాక్ నుంచి మన మండపం పరిశోధనా కేంద్రానికి వచ్చింది. తెచ్చినవాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. ఆకలి కాలం, చవగ్గా మాంసకృత్తులు కావాలి, ఏ నీళ్ళలోనైనా బతికే చేప కనబడింది. ఏడేళ్ళు తిరక్కుండానే, 1959లో, దీన్ని ఇక పెంచొద్దని ఫిషరీస్ రిసెర్చ్ కమిటీ నిషేధం పెట్టింది. కాగితం మీద ఆగింది, నీళ్ళలో ఆగలేదు. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక రోల్‌బ్యాక్ లేదు.

మాది మోత్కూర్. ఉమ్మడి నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. మా దిక్కు చెరువులన్నీ గొలుసుకట్టువి. వానలు గట్టిగా పడి మత్తడి దుంకితే ఒక చెరువు నీళ్ళు ఇంకో చెరువులోకి, అక్కడినుంచి బిక్కేరు వాగులోకి, వాగు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి. కాబట్టి 'మా ఊరి చెరువులో వదిలేద్దాం' అనే మాటకి అర్థమే లేదు. వదిలేది కృష్ణా నదిలో, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

చేపలు పట్టే మామ ఒకాయన్ని అడిగితే ఇట్లన్నడు: "గవి ఒక్కపాలి వడ్డయంటె ఇగ పోవు బిడ్డా. చెరువు ఎండినా యాడనో బురదగుంటల నాలుగు మిగులుతయి, మల్ల నిండుతయి. వలల గవే వస్తయి, కొనేటోడు మాత్రం కొర్రమట్ట ఏదంటడు." 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వేయించే పథకం పెట్టింది. బొచ్చె, రవ్వ తినాల్సిన మేత ఇంకోటి తింటే నష్టం ఎవరిది? ముదిరాజులది, బెస్తవాళ్ళది. మా తొట్టి సరదాతో వాళ్ళకేం సంబంధం?

ఇది తిలాపియాతో ఆగిన కథ కాదు. తొట్టి అద్దం నాకుతుందని మనం కొనే సక్కర్ చేప కొన్నేళ్ళుగా తూర్పు కనుమల నీళ్ళలో విస్తరించిందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్ళలోని డీఎన్‌ఏ పరీక్షించి చెప్పారు. దాన్నెవరూ ఆకలి తీర్చడానికి తేలేదు, అలంకారానికి తెచ్చారు. విక్టోరియా సరస్సులో కథ ఇంకోవైపు నుంచి నడిచింది. 1950లలో వదిలిన నైల్ పెర్చ్ దెబ్బకి 1980లలో రెండొందల దాకా సిక్లిడ్ జాతులు పోయాయని అంచనా. మన దగ్గర దొంగ అయినవాడు అక్కడ బాధితుడు! ఆ మాటకొస్తే మొజాంబిక్ తిలాపియా కూడా తన సొంత నదుల్లో, బయటినుంచి తెచ్చిన నైల్ తిలాపియాతో సంకరమై, ఇప్పుడు ముప్పున్న జాతుల జాబితాలోకెక్కింది. తప్పు చేపది కాదన్నమాట.

మరి రెండొందల పిల్లల్ని ఏం చేయాలి? నేను చేసేది చెప్తాను. అడిగినవాళ్ళు ముందే ఉంటేనే గుడ్లు ఉంచుతాను, లేకపోతే రాయి తీసి కడిగేస్తాను. జంటని విడగొట్టి పెడితే ఇంకా తేలిక. మిగిలిన పిల్లలు ఆస్కార్ పెంచే స్నేహితుడి తొట్టికి మేతగా వెళ్తాయి. వినడానికి కటువుగా ఉంటుంది, నాకూ ప్రతిసారీ మనసొప్పదు. కానీ ఆ బాధ నా తొట్టిలోనే తీరిపోతుంది. చెరువులో వదిలితే నా మనసుకి హాయిగా ఉంటుంది, లెక్క మాత్రం మామ వల మీద పడుతుంది.

పుణ్యం కావాలంటే వేరే దారులు చాలా ఉన్నాయి. చెరువు జోలికి పోకండి.