దర్జీ బీమార్ పడితే ఆ రోజు కూలీ ఎవరిస్తారు?

"అప్నా కామ్ హై, కిసీ కా నౌకర్ నహీఁ." మన మొహల్లాల్లో ఈ మాట ఫఖర్‌గా చెప్పుకుంటారు. దర్జీ అంటాడు, వెల్డింగ్ మిస్త్రీ అంటాడు, బండి మీద మౌజ్ అమ్మే చాచా కూడా అంటాడు. మంచి మాటే. కానీ ఆ చాచా బుఖార్‌తో పదిహేను రోజులు మంచం పడితే ఇంటి మీద రెండు దెబ్బలు పడతాయి. ఒకటి ఇలాజ్ ఖర్చు, రెండోది ఆగిపోయిన ఆమ్దనీ. ఇలాజ్ గురించి సర్కార్లు ఎంతో కొంత మాట్లాడతాయి. ఆమ్దనీ గురించి అడిగే నాథుడు లేడు. అదే ఫ్యాక్టరీలో పనిచేసే మజ్దూర్‌కైతే బీమారీ రోజుల్లోనూ జీతంలో కొంత భాగం హక్కుగా వస్తుంది. ఒకే గల్లీలో ఉండే ఇద్దరి మధ్య ఈ ఫరక్ ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంచెం తారీఖ్ తిరగేయాలి.

1883లో జర్మనీలో బిస్మార్క్ హుకూమత్ మజ్దూర్ల కోసం బీమారీ బీమా కానూన్ తెచ్చింది. చందాలో రెండు వంతులు మజ్దూర్‌ది, ఒక వంతు మాలిక్‌ది. 1911లో బ్రిటన్‌లో లాయిడ్ జార్జ్ కూడా ఇలాంటి కానూనే చేయించాడు. రెండు చోట్లా ఉసూల్ ఒకటే: జీతం ఇచ్చేటప్పుడే చందా కోసుకోవాలి. వసూలుకి ఇది సులువైన దారి. అయితే జీతం కోయాలంటే జీతమిచ్చే మాలిక్ ఒకడుండాలి కదా! తన దుకాణంలో తానే మాలిక్, తానే నౌకర్ అయినవాడు ఈ హిసాబ్‌లో ఎక్కడా ఇమడలేదు.

మన దేశానికి ఈ నమూనానే వచ్చింది. ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన రిపోర్టు ఆధారంగా 1948 ఏప్రిల్‌లో ఈఎస్ఐ కానూన్ పుట్టింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో, ఢిల్లీలో అమలు మొదలైంది. మొదట్లో అది కరెంటుతో, ఏడాది పొడవునా నడిచే, 20 మందికి తక్కువ కాని కార్ఖానాలకే పరిమితం. దేశంలో అత్యధికులు అప్పుడు పొలాల్లో, ఇళ్లలో, చిన్న దుకాణాల్లో పని చేసుకునేవాళ్లు. వాళ్లంతా బయటే మిగిలారు.

సొంత పనివాళ్లని కలుపుకోవడం ముమ్కిన్ కాదని చెప్పడానికి లేదు. అదే 1948లో, జులై 5 నుంచి బ్రిటన్ వాళ్లని కలుపుకుంది. సొంత పని చేసుకునేవాడు ప్రతి వారం తానే స్టాంపు కొని కార్డు మీద అతికించాలి. బీమార్ పడితే ఆ స్టాంపులే సబూత్, వాటి మీదే నగదు వచ్చేది. ఇప్పుడు అక్కడ టాక్సీ నడుపుకునే మన హైదరాబాదీ కూడా, గత రెండు మూడేళ్ల చందా సరిగ్గా ఉంటే, బీమారీ భత్యానికి అర్జీ పెట్టుకోవచ్చు. మాలిక్ ఎవరని అతన్ని అడగరు.

మన దగ్గర మాత్రం ఝగ్డా అంతా ఆ సవాలు చుట్టూనే తిరిగింది. ఇందులో రెండు ముఖద్దమాలు మనవాళ్లు గుర్తు పెట్టుకోవాలి.

మొదటిది దర్జీలది. తెలంగాణ ప్రాంత దుకాణాల చట్టం కింద నడిచిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973లో సుప్రీంకోర్టు ఫైసలా. దర్జీలకు పీసుకింత అని కూలీ. ఫలానా టైముకి రావాలన్న పాబందీ లేదు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవాళ్లు. కాబట్టి వీళ్లు మా నౌకర్లు కారు, సొంత పనివాళ్లని మాలిక్‌ల వాదన. జస్టిస్ మాథ్యూ ఒప్పుకోలేదు. మిషన్లు దుకాణానివి, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే ఇఖ్తియార్ మాలిక్‌ది, కాబట్టి వీళ్లు పనివాళ్లేనన్నారు.

రెండోది హైదరాబాద్ రాయల్ టాకీస్‌ది. ఇది నేరుగా ఈఎస్ఐ కేసు. థియేటర్ క్యాంటీన్, సైకిల్ స్టాండ్ ఠేకాకి ఇచ్చారు. అక్కడి కుర్రాళ్లు ఠేకాదార్ మనుషులు, మాకు సంబంధం లేదని థియేటర్ వాళ్లన్నారు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మాట తోసేశారు. చాయ్ అందించే కుర్రాడు, సైకిల్‌కి టోకెన్ ఇచ్చే కుర్రాడు థియేటర్ పనిలో భాగమే, వాళ్ల చందా బాధ్యత థియేటర్‌దేనని తేల్చారు.

ఈ ఫైసలాల సబక్ ఏమిటంటే, "నువ్వు సొంత పనివాడివి" అని ఎవరైనా అనగానే అది సచ్ అయిపోదు. మిషన్ ఎవరిది? రేటు ఎవరు కడతారు? పని బాగాలేదని వెనక్కి ఇచ్చేదెవరు? ఈ సవాళ్ల జవాబుల్లోనే కారీగర్ హక్కు దాగి ఉంటుంది.

ఇక దుకాణం మూసేసి కంపెనీ ఉద్యోగంలో చేరినవాళ్ల హాల్ చూడండి. దుకాణంలో గడిపిన ఇరవై ఏళ్లు ఈఎస్ఐ హిసాబ్‌లో సిఫర్. చేరిన రోజు నుంచే ఇలాజ్ దొరుకుతుంది గానీ, నగదు హక్కు మొదలవడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. మామూలుగా ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. అప్పుడు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకూ వస్తుంది. చాలామందికి బీమా నంబరు ఉన్న సంగతే తెలియదు. చేరగానే ఆ నంబరు అడిగి తీసుకోండి, చందా పడుతోందో లేదో చూసుకోండి, డాక్టరిచ్చే సర్టిఫికెట్ జాగ్రత్త చేయండి.

మరి నిజంగానే మాలిక్ లేని చాచా సంగతి? 2008లో పార్లమెంటు చేసిన అసంఘటిత కార్మికుల చట్టం సొంత పనివాళ్లని కూడా కార్మికులుగా గుర్తించింది. పేరైతే రాసింది, కానీ ఈఎస్ఐలా బీమారీ రోజుకి ఇంతని ఖరారు చేయలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్ ఖర్చు భరించింది, ఇంటి చూల్హా సంగతి ముట్టుకోలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ సర్కార్ ఒక అడుగు ముందుకేసి ఆరోగ్య ఆసరా తెచ్చింది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెప్పిన విశ్రాంతి రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 దాకా. రఖమ్ చిన్నదే. కానీ దానికి మాలిక్ సంతకం అక్కర్లేదు, బండి చాచాకి కూడా వర్తించేలా చేశారు. 1948లో మన కానూన్ వదిలేసిన మనిషిని చేరుకోవచ్చని అది చూపించింది.

మన ఇళ్లలో ఎవరైనా బీమార్ పడితే అన్నదమ్ములు చూస్తారు, బిరాదరీ చూస్తుంది, పక్కింటివాళ్లు టిఫిన్ డబ్బా పంపిస్తారు. అల్లాహ్ వాళ్లకి మేలు చేయాలి. అయినా ముప్పై ఏళ్లు మిషన్ తొక్కి ఊరందరి ఈద్ జోడాలు కుట్టిన మనిషి, కాళ్లు వాచిన నెలలో ఇంకొకరి మెహర్బానీ కోసం ఎదురు చూడాల్సిన పని లేదు. ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చినవాళ్లని షాదీఖానా గురించి, ఖబ్రస్తాన్ గోడ గురించి మనం అడుగుతూనే ఉన్నాం. ఈసారి ఈ సవాలు కూడా వేయండి: మా దర్జీ బీమార్ పడితే ఆ రోజు కూలీ ఎవరిస్తారు?