అమెరికా మహానగరములు: జాతివైవిధ్యము, నివాస వేర్పాటు

ఇరుగుపొరుగున అన్యభాషలు వినుచు, ఇంటిలో తెనుగు నిలుపుకొని, తరతరములుగా పరప్రాంతములందు కాపురముండు మనవంటి కుటుంబములకు ఒక ప్రశ్న క్రొత్తది కాదు. ఒక పట్టణమున పలుజాతులవారు ఉండుటయు, వారు కలసి యుండుటయు ఒక్కటియేనా? పైకి రెండును ఒకటిగానే తోచును. కాని ఈ రెంటికిని నడుమ ఎంతటి యంతరము కలదో తెలిసికొనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రముల మహానగరముల చరిత్రను మించిన పాఠము లేదని మా యభిప్రాయము. ఆ చరిత్రనే ఇచట సంగ్రహముగా పరిశీలింప దలచితిమి.

ముందుగా కొలతలను గూర్చి రెండు మాటలు. ఒక నగరమునందు ఎవరినో ఇద్దరిని చూడకుండ ఏరినచో వారు వేర్వేరు జాతివర్గములకు చెందినవారగుటకు ఎంత యవకాశము కలదో, అది ఆ నగరపు వైవిధ్యమునకు కొలత. వేర్పాటును కొలుచుటకు వేరొక సూచి కలదు. ఓటిస్ డడ్లీ డంకన్, బెవర్లీ డంకన్ అను సమాజశాస్త్రజ్ఞ దంపతులు 1955లో ప్రకటించిన పరిశోధనవలన దానికి వ్యాప్తి కలిగెను. వేయి యిండ్లు, పది పేటలు గల యూరొకటి కలదనుకొందము. అందు మున్నూరిండ్లు నల్లవారివి, ఏడునూర్లు తెల్లవారివి. ప్రతి పేటలోను ముప్పది నల్లవారి యిండ్లు, డెబ్బది తెల్లవారి యిండ్లు ఉన్నచో సూచి సున్న. మూడు పేటలు పూర్తిగా నల్లవారివి, ఏడు పేటలు పూర్తిగా తెల్లవారివి అయినచో సూచి నూరు. సూచి 60 అనగా, జనులు సమముగా పరచుకొనవలెనన్నచో రెండు వర్గములలో ఏదో యొకదానియందు నూటికి 60 మంది పేట మారవలెనని యర్థము. పై రెండు ఊళ్లకును వైవిధ్యము ఒక్కటియే. వేర్పాటు మాత్రము సున్న ఒకచోట, నూరు వేరొకచోట. ఈ యొక్క విషయము మనస్సున నుంచుకొనిన చాలును.

ఇప్పుడు షికాగో నగరమును చూతము. 2020 నాటి జనగణనలో ఆ నగర జనసంఖ్య 27,46,388. అందు తెల్లవారు నూటికి సుమారు 31, లాటిను అమెరికా సంతతివారు 30, నల్లవారు 29, ఆసియా సంతతివారు 7. త్రాసులో తూచి పోసినట్లున్న జనసమ్మేళనము! మొదటి కొలత ననుసరించి ఇది మిక్కిలి వైవిధ్యము గల నగరము. ఇద్దరిని ఏరినచో వారు భిన్నవర్గములవారగు నవకాశము నూటికి 70 దాటును. అట్లయ్యును దక్షిణ షికాగోలో మైళ్లకొలది నడచినను నల్లవారు తప్ప అన్యులు అరుదుగా కనబడు పేటలు కలవు. ఉత్తరమున తెల్లవారే నిండియున్న పేటలు కలవు. నగరమంతయు కలిపి చూచిన వైవిధ్యము వీథిలోనికి దిగిచూచునప్పటికి మాయమగుచున్నది.

ఇది యెట్లు జరిగెను? జనులు తమంత తాము వేరుపడిరని చెప్పుట సులభము; కాని చరిత్ర యట్లు చెప్పుటలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలము మొదలుకొని 1970 వరకు సుమారు 60 లక్షల నల్లవారు దక్షిణ రాష్ట్రములను విడిచి ఉత్తర, పశ్చిమ నగరములకు తరలిపోయిరి. ప్రత్తిచేల కౌలుబానిసత్వము, ఓటు లేకుండుట, మూకలు చేయు హత్యలు వారిని వెళ్లగొట్టినవి. కర్మాగారములలోని కూలి వారిని పిలిచినది. వచ్చినవారికి నగరములు పని నిచ్చెను గాని ఇల్లు నీయలేదు. బాల్టిమోరు నగరము 1910లోనే ఏ వీథిలో ఏ జాతివా రుండవలెనో శాసనము చేసెను. లూయీవిల్ నగరపు అట్టి శాసనమును సుప్రీంకోర్టు 1917లో కొట్టివేసెను. అంతట అదే పనిని ప్రజలు దస్తావేజులతో సాధించిరి. ఈ యింటిని నల్లవారికి అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతును విక్రయపత్రములలోనే చేర్చిరి. కొన్నిచోట్ల ఆసియావారికిని, యూదులకును ఇట్టి నిషేధములే యుండెను.

దస్తావేజు చాలనిచోట రాళ్లు మాటలాడెను. 1919 జూలై 27న యూజీన్ విలియమ్స్ అను పదునేడేండ్ల నల్లబాలుడు మిషిగన్ సరస్సులో ఈదుచు, తెల్లవారు తమదనుకొనుచున్న రేవువైపు కొట్టుకొనిపోయెను. ఒకడు రాళ్లు విసరగా ఆ బాలుడు నీట మునిగి మరణించెను. నీటిమీద గీత యెవ్వడు గీయగలడు? ఐనను ఆ లేని గీతకొరకు షికాగోలో చెలరేగిన దొమ్మీలలో 38 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు.

అదే నగరమున కార్ల్ హాన్స్‌బెరీ యను నల్లజాతి గృహస్థుడు తెల్లవారి పేటలో ఇల్లు కొని, దస్తావేజు షరతుపై పోరాడి, 1940లో సుప్రీంకోర్టులో గెలిచెను. కాని కోర్టు ఆ షరతుల న్యాయాన్యాయముల జోలికి పోక, వేరు కారణమున తీర్పు చెప్పెను. అతని కుమార్తె లోరేన్ హాన్స్‌బెరీ యిట్టి యనుభవమునుండియే 'ఎ రైజిన్ ఇన్ ద సన్' అను నాటకమును వ్రాసెను. 1959లో అది న్యూయార్కు రంగస్థలమున ప్రదర్శింపబడెను. జాతిషరతులను కోర్టులు అమలుపరుపరాదని స్పష్టముగా తేలుటకు 1948లో సెయింట్ లూయీ నగరపు షెల్లీ దావా వరకు వేచియుండవలసి వచ్చెను.

ఇంతకంటె బలమైన గోడను కట్టినది ప్రభుత్వమే. ఆర్థికమాంద్యమున ఇండ్లు వేలమునకు పోవుచుండగా 1933లో గృహయజమానుల ఋణసంస్థను నెలకొల్పిరి. ఆ సంస్థ నగరముల పటములు గీయించి పేటలను నాలుగు తరగతులుగా విభజించెను: ఆకుపచ్చ, నీలము, పసుపు, ఎరుపు. నల్లవారు నివసించు పేటలకు దాదాపుగా ఎల్లెడలను ఎరుపు రంగే పడెను. 1934లో ఏర్పడిన కేంద్ర గృహనిర్మాణ పాలనాసంస్థ ఇంటి యప్పులకు పూచీ యిచ్చునపుడు ఇదే దృష్టిని అనుసరించెను. ఒక తరమువారికి సొంతయిల్లు సమకూరి, దాని విలువ పెరిగి బిడ్డల చదువులకు అక్కరకు వచ్చెను. వేరొక తరమువారికి అద్దె రసీదులే మిగిలెను. న్యూయార్కు చేరువ లాంగ్ ఐలండులో 1947 నుండి వేలకొలది యిండ్లతో వెలసిన లెవిట్‌టౌను ఇట్టి పూచీలతోనే లేచినది. నల్లవారికి అందు ప్రవేశము లేకుండెను.

డెట్రాయిటు నగరమున ఈ గోడ ఉపమానము కాదు, నిజముగా కట్టిన గోడయే. నల్లవారి నివాసములను ఆనుకొని తెల్లవారికి ఇండ్లు కట్టదలచిన వ్యాపారికి ప్రభుత్వపు పూచీ లభింపలేదు. 1941లో అతడు ఆ రెంటికి నడుమ ఆరడుగుల ఎత్తున, సుమారు అరమైలు పొడవున గోడ కట్టించగానే పూచీ లభించెను. ఆ గోడ నేటికిని నిలిచియున్నది. ఒకవైపున పేటవారు దానిపై రంగురంగుల చిత్రములు వ్రాసికొనిరి.

డెట్రాయిటు మనకు వేరొక పాఠమును గూడ నేర్పును. 1950లో 18 లక్షలు దాటిన ఆ నగర జనసంఖ్య 2020 నాటికి 6,39,111కు దిగెను. తెల్లవారు శివారులకు తరలిపోగా మిగిలినవారిలో నల్లవారు నూటికి 77 మంది. నగరపు పొలిమేర లోపల మాత్రమే కొలిచినచో వేర్పాటు స్వల్పముగా కనబడవచ్చును. ఏలయన, వేరుపడి వెళ్లినవారు పొలిమేర దాటిరి. ఎనిమిదవ మైలు రస్తాకు ఉత్తరమునగల శివారులను గూడ లెక్కలో చేర్చినపుడే నిజము బయటపడును. 1974లో మిల్లికెన్ దావాలో సుప్రీంకోర్టు, నగరమునకును శివారులకును కలిపి బడులలో జాతిసమ్మేళనము చేయుమని నిర్బంధింపరాదని అయిదుగురు నలుగురుగా చీలి తీర్పు చెప్పినపుడు ఆ పొలిమేర మరింత గట్టిపడెను. కావున నగరములను పోల్చువారు ఏ హద్దులోపల కొలుచుచున్నారో ముందు అడుగవలెను.

న్యూయార్కు స్థితి వేరు. 2020లో 88,04,190 జనముగల ఆ నగరమున తెల్లవారు నూటికి 31, లాటిను సంతతివారు 28, నల్లవారు 20, ఆసియావారు 16 వంతున నుండిరి. క్వీన్సు భాగమున ఒకే వీథిలో పలుదేశముల భాషలు వినబడును. ఐనను న్యూయార్కు, షికాగో, మిల్వాకీ, డెట్రాయిటు మహానగర ప్రాంతములలో నల్లవారికిని తెల్లవారికిని నడుమ సూచి 2020లోను 70కి పైననే యుండెను.

దక్షిణమునను పశ్చిమమునను క్రొత్తగా పెరిగిన నగరములందు ఈ సంఖ్య కొంత తక్కువ. హ్యూస్టను నగరమున లాటిను సంతతివారు నూటికి 44. తెల్లవారు 24, నల్లవారు 22, ఆసియావారు 7. దాని చేరువనున్న ఫోర్ట్ బెండ్ మండలమున నాలుగు వర్గములును రమారమి తూకముగా నున్నవి. మన తెలుగువారును అచట స్థిరపడిరి. ఇట్టి నగరములలో పెక్కు ఇండ్లు 1968 తరువాత లేచినవి. పాత నగరములవలె పాత గోడలను వారసత్వముగా పొందకుండుట వాటి భాగ్యము.

ఆ 1968వ సంవత్సరపు కథ మరువరానిది. మార్టిన్ లూథర్ కింగ్ 1966లో షికాగో నగరమునకు వచ్చి ఇండ్ల విషయమున సమాన హక్కుకొరకు ఊరేగింపులు నడపెను. ఆగస్టు 5న మార్క్వెట్ పార్కు వద్ద ఒక రాయి తలకు తగిలి ఆయన మోకాళ్లపై ఒరిగెను. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్య జరిగెను. వారము తిరుగగానే, ఏప్రిల్ 11న, ఇండ్ల యమ్మకమున, అద్దెలలో జాతిభేదమును నిషేధించు శాసనము వెలువడెను. 1970లో దేశమందలి మహానగరముల సగటు సూచి సుమారు 79. 2020 నాటికి 55 ప్రాంతమునకు దిగెను. తగ్గినమాట నిజము, అర్ధశతాబ్ది పట్టినమాటయు నిజము. శాసనము షరతులను చెరపగలిగెను గాని, ముప్పదియేండ్లు దొరకని ఋణమును, కూడని ఆస్తిని తిరిగి యీయలేకపోయెను.

ఇందు మనవారికి సంబంధించిన యంశమొకటి కలదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అను పంజాబుదేశీయుడు తెల్లజాతివాడు కాడని నిర్ణయించి అమెరికా సుప్రీంకోర్టు పౌరసత్వమును నిరాకరించెను. కాలిఫోర్నియాలో పౌరసత్వార్హత లేని విదేశీయులు పొలము కొనరాదను చట్టము 1913 నుండియే కలదు. 1946లో భారతీయులకు పౌరసత్వార్హతయు, ఏటికి నూర్గురికి ప్రవేశమును లభించెను. 1965 చట్టముతో తలుపులు విశాలముగా తెరచుకొనెను. ఆ పిమ్మట వెళ్లిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు నచ్చిన పేటలో ఇల్లు కొనగలిగిరన్నచో, ఆ హక్కుకొరకు రాళ్లదెబ్బలు తిన్నవారు వేరొకరు. ఈ ఋణమును మనవారు గుర్తింపవలెను.

కలసి నివసించువారెల్లరు తప్పు చేయుచున్నారని మేము చెప్పుటలేదు. భాషకొరకు, వృత్తికొరకు, గుడికొరకు ఒకచోట చేరుట మానవసహజము. షోలాపురమున మన పద్మశాలీలు మగ్గముల చుట్టు పేటలు కట్టుకొనిరి. బొంబాయిలోని కామాఠీపురము పేరు అచటికి కూలికి పోయిన తెలుగు కామాఠీలవలన వచ్చినది. వేర్పాటును తూచునపుడు అడుగవలసిన ప్రశ్న ఒకటియే: ఆ వాకిలి గడియ లోపల నున్నదా, వెలుపల నున్నదా? కోరినపుడు బయటికి పోగలవానిది కాపురము, పోలేనివానిది చెర.

ఈ ప్రశ్నను పరదేశముపై సంధించి మనము తప్పించుకొనజాలము. కింగ్ మహాశయుడు 1959లో భారతదేశమునకు వచ్చెను. తిరువనంతపురమున ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు తన్ను అమెరికానుండి వచ్చిన అస్పృశ్యునిగా పరిచయము చేయగా మొదట మనసు చివుక్కుమన్నదనియు, తన జాతివారి మురికిపేటలు తలపునకు రాగా ఆ మాట నిజమేయని యొప్పుకొంటిననియు ఆయన 1965 జూలై 4 నాటి ప్రసంగమున చెప్పెను. మన పల్లెలలో ఊరికి దూరముగా నెట్టబడిన వాడల గడియ ఏవైపున నుండెనో మనకు తెలియును. వాటికి దస్తావేజు షరతు అక్కరలేకపోయెను, ఆచారమే చాలినది. నేటికిని పట్టణములందు అద్దెయింటికై వచ్చినవానిని కులమడుగు గృహస్థులు లేకపోలేదు. పరభాషాప్రాంతమున ఇల్లు దొరకుట యెంత కష్టమో మన తాతలు ఎరిగియుండిరి. ఆ జ్ఞాపకము గలవారు తమ వాకిట నిలిచినవానిని ఏమడుగవలెనో, ఏమడుగరాదో, వేరొకరు చెప్పనక్కరలేదు.