బొమ్మల పుస్తకాలలో కరుణ: గోల్కొండ నుంచి పాతబస్తీ దాకా

పరిచయం

పిల్లల పుస్తకాల చరిత్ర చదివేటప్పుడు సాధారణంగా రచయితల పేర్లు, ప్రచురణ సంవత్సరాలు గుర్తుపెట్టుకుని ముందుకు వెళతాం. ఈ వ్యాసంలో వాటితోపాటు ఇంకో ప్రశ్న వేసుకుందాం: బొమ్మలో ఎవరున్నారు, ఎవరు లేరు?

తోటివారి బాధను గుర్తించి స్పందించడమే కరుణ. గుర్తించాలంటే ముందు చూడాలి. చుట్టూ ఉన్నవారిని ఏమరుపాటు లేకుండా చూడటాన్ని మన పెద్దలు ఎరుక అన్నారు. అక్షరాలు రాని పిల్లలు కూడా బొమ్మను చూడగలరు. కరుణను, ఎరుకను నేర్పడంలో బొమ్మల పుస్తకానికి ప్రత్యేక స్థానం ఉండటానికి ఇదే కారణం.

గోల్కొండ ప్రతి

చార్మినార్ నిర్మాణానికి తొమ్మిదేళ్ళ ముందు, అంటే 1582లో, గోల్కొండలో 'అన్వారె సుహైలీ' అనే పారశీక గ్రంథానికి ఒక సచిత్ర ప్రతి తయారైంది. వందకు పైగా చిత్రాలున్న ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులోని కథలు మనకు కొత్తవి కావు. మన పంచతంత్రం 6వ శతాబ్దంలో ఇరాన్ చేరి పహ్లవీ భాషలోకి మారింది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా దానిని అరబ్బీలోకి తెచ్చాడు. 15వ శతాబ్దం చివర హెరాత్‌లో హుస్సేన్ వాయిజ్ కాషిఫీ పారశీకంలో తిరగరాశాడు. ఇలా దేశాలు తిరిగిన కథలు దక్కను గడ్డ మీద మళ్ళీ రంగులు పూసుకున్నాయి.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ ప్రతి పిల్లల కోసం తయారైనది కాదు, సంపన్నుల గ్రంథాలయానికి చెందినది. ప్రత్యేకించి పిల్లలకు పాఠాలు చెప్పే బొమ్మల పుస్తకంగా యూరప్‌లో పేరుపొందిన కొమీనియస్ 'ఆర్బిస్ పిక్టస్' 1658లో గాని రాలేదు. రెండవది, పంచతంత్రం ప్రధానంగా బోధించేది నీతి. శత్రువును ఎలా పసిగట్టాలి, మిత్రుణ్ణి ఎలా ఎంచుకోవాలి అన్న లోకజ్ఞానం అది. రాజకుమారులకు అది అవసరమే. కాని నీతి, కరుణ ఒకటి కావు. ఎదుటివాడి చేతిలో మోసపోకుండా ఉండటం నీతి నేర్పుతుంది. ఎదుటివాడి స్థానంలో నిలబడి చూడటం కరుణ నేర్పుతుంది.

చందమామ కాలం

అచ్చుయంత్రం వచ్చాక బొమ్మల కథ సామాన్యుల ఇళ్ళలోకి చేరింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి 'చందమామ' ప్రారంభించారు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు గీసిన బొమ్మలతో రెండు మూడు తరాలు పెరిగాయి. జాతక కథలూ అందులో వచ్చాయి, అరేబియా కథలూ వచ్చాయి. జంతువుల పట్ల, పేదల పట్ల దయ చూపాలని ఆ కథలు పిల్లలకు చెప్పాయి.

అయితే బాగ్దాదు వర్తకుడు కనిపించిన ఆ పుటల్లో పక్క గల్లీ ముస్లిం ఇల్లు కనిపించడం అరుదు. పాతబస్తీ వంటగది, మాదిగవాడ వాకిలి కూడా అంతే అరుదు. పేదవాడు కథలో దయ పొందేవాడుగా వస్తాడు. తన ఇంటి సంగతి తానే చెప్పుకునేవాడుగా రాడు. చాలా ఏళ్ళు బాలసాహిత్య చరిత్ర పాఠం చెప్పిన నేను కూడా ఈ తేడాను ఆలస్యంగానే గుర్తించాను.

డిఫరెంట్ టేల్స్

ఈ లోపాన్ని సూటిగా ఎదుర్కొన్న ప్రయత్నం హైదరాబాదులోనే జరిగింది. 1985లో ఇక్కడ ఏర్పడిన అన్వేషి మహిళా అధ్యయన పరిశోధన కేంద్రం 'డిఫరెంట్ టేల్స్' అనే పుస్తకమాలను రూపొందించింది. దీప్తా ఆచార్, దీపా శ్రీనివాస్ సంపాదకత్వంలో ఎనిమిది బొమ్మల పుస్తకాలు తయారయ్యాయి. 2008లో కొట్టాయంలోని డి.సి. బుక్స్ వాటిని ఇంగ్లీషులో ప్రచురించింది. తెలుగు, మలయాళ పాఠకుల కోసం కూడా ఈ కథలను తెచ్చారు.

గోగు శ్యామల దళిత పిల్లల జీవితాన్ని రాశారు. మహమ్మద్ ఖదీర్‌బాబు 'హెడ్ కర్రీ'లో ముస్లిం ఇంట తలకాయ కూర వండుకునే సందడి ఉంది. జయశ్రీ కళత్తిల్ కథలో ఊరు పిచ్చివాడన్న గోనెగుడ్డల మనిషితో ఒక పాప స్నేహం చేస్తుంది. ఈ కథలు చివర నీతి వాక్యం చెప్పవు. పిల్లల మీద జాలి పడమని కూడా అడగవు. ఆ ఇళ్ళలోని తిండిని, పనిని, సరదాను దగ్గరగా చూపిస్తాయి.

పాతబస్తీలో ఒక అనుభవం

షాలిబండ, లాల్‌దర్వాజా పరిసరాల్లో హిందువులు, ముస్లిములు దగ్గర దగ్గరగా బతుకుతారు. 1990 డిసెంబరు అల్లర్ల జ్ఞాపకం కూడా అక్కడ ఉంది. ఆ ప్రాంతంలో చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ దూరవిద్యలో డిగ్రీ చదివిన ఒక విద్యార్థిని కౌన్సెలింగ్ తరగతిలో తన అనుభవం చెప్పింది. ఆమె తరగతిలో ఒక పాప టిఫిన్ డబ్బా మూత అడ్డం పెట్టుకుని తినేది. ఒకరోజు ఆమె తలకాయ కూర కథ చదివింది, తెలుగు అర్థంకాని చోట ఉర్దూలో చెప్పింది. పక్కనున్న అబ్బాయి "దాన్ని ఎట్లా కడుగుతారు?" అని ఆ పాపనే అడిగాడు. ఎప్పుడూ మాట్లాడని పాప తన అమ్మ చేసే పద్ధతంతా వివరించింది. మూత మాత్రం ఆ రోజూ అడ్డంగానే ఉందట.

ఒక పుస్తకం అల్లర్లను ఆపుతుందని చరిత్రకారుడు చెప్పలేడు. అయితే ఆ అబ్బాయి ముఖం చిట్లించలేదు, ప్రశ్న అడిగాడు. ఆ పాప సిగ్గుపడలేదు, జవాబు చెప్పింది. కరుణ మొదలయ్యేది ఇలాంటి చోటే.

ముగింపు

గోల్కొండ ప్రతిలో కథలు హద్దులు దాటాయి కాని సంపన్నుల గ్రంథాలయం దాటలేదు. చందమామ ప్రతి ఇంటి గడపా తొక్కింది కాని ప్రతి ఇంటినీ బొమ్మ గీయలేదు. ఆ మిగిలిన పనిని ఇటీవలి పుస్తకాలు చేపట్టాయి. దయ చూపమని పిల్లలకు చెప్పడం సులభం. ఎవరిని చూడకుండా పెంచుతున్నామో పెద్దలు తెలుసుకోవడమే కష్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీతికి, కరుణకు గల భేదాన్ని పంచతంత్రం ఆధారంగా వివరించండి.
2. మీ ఇంట్లో లేదా మీ ఊరి గ్రంథాలయంలో ఉన్న ఒక పిల్లల పుస్తకం తీసుకోండి. అందులోని బొమ్మల్లో మీ వీధిలో ఉండేవారు ఎవరెవరు కనిపించారు? ఎవరు కనిపించలేదు? పది వాక్యాలలో రాయండి.